బొద్దింకలు చావని భవనం

మూడో మనిషి కూడా కుర్చీలోనే చచ్చిపోయాడు.

చేతిలో టీ కప్పు అలాగే ఉంది. టీలోంచి ఆవిరి ఇంకా వస్తూనే ఉంది. గుమ్మం దగ్గర ఇద్దరు గార్డులు, కిటికీకి ఇనుప చువ్వలు, మెట్ల మీద మరో నలుగురు. ఈగ దూరాలన్నా పర్మిషన్ కావాలి. అయినా వచ్చినవాడు వచ్చాడు, చంపాడు, పోయాడు. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఒక్కటే మిగిలింది.

కింద మెయిన్ డోర్ దగ్గర గాజు గొట్టంలో కూర్చున్న రెక్కల పురుగు మాత్రం కిక్కురుమనలేదు.

మధ్యాహ్నం రెండుంబావుకి చీఫ్ గది మీద ఎర్ర బల్బు వెలిగింది. ఏజెంట్ ముక్కు లోపలికి వచ్చాడు.

అతనికా పేరు ఎందుకొచ్చిందంటే, అతనికి వాసన తెలియదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసనంతా మూటగట్టుకుని పోయింది. గులాబీ పెట్టినా ఒకటే, గాడిద పేడ పెట్టినా ఒకటే. పేర్లు పెట్టడంలో ఉన్న తెలివి ఆ డిపార్ట్‌మెంటుకి పని చెయ్యడంలో కూడా ఉంటే, శత్రువులు ఎప్పుడో మూటాముల్లె సర్దుకుని పారిపోయేవాళ్ళు.

"కూర్చోకు. టైం లేదు," అన్నాడు చీఫ్. ఆయన టేబుల్ మీద ఒక బొద్దింక తీరిగ్గా నడుస్తోంది. ఆయన ఫైలు తీసి కొట్టాడు. అది కొంచెం పక్కకి జరిగి, దారిచ్చినట్టు నిలబడింది. ఆ భవనంలో బొద్దింకలు ఎంత బలిశాయంటే, రెండు కలిసి నెడితే సొరుగు మూసుకునేది.

"ఆపరేషన్ పెళ్ళికొడుకు. నీకెంత తెలుసు?"

"అక్క చెప్పినంత, సార్."

"మీ అక్క దగ్గరే వచ్చింది చిక్కు. విను." చీఫ్ గొంతు తగ్గించాడు. "పరాయి దేశం ముఠా. వాళ్ళ హంతకుడు ఒకడున్నాడు. కోడ్ నేమ్ ఖాళీకోటు. మొహం ఎవరూ చూళ్ళేదు. మన డబుల్ ఏజెంట్ నెమలి ఒక్కతే వాడి దగ్గరిదాకా వెళ్ళింది. వాడి కోటు కాలరు మీద ఒక్క చుక్క రాసి వచ్చింది."

ఆ చుక్క సంగతి ముక్కుకి తెలుసు. ఆడపురుగు మగపురుగుని పిలవడానికి గాల్లోకి వదిలే వాసన అది. మనిషి ముక్కుకి అందదు. మగపురుగుకి మాత్రం రెండు వీధుల అవతలనుంచే అందుతుంది. అందుకే ప్రతి గుమ్మం దగ్గరా ఒక మగపురుగుని గాజు గొట్టంలో కూర్చోబెట్టారు. దువ్వెన పళ్ళలాంటి దాని మీసాలకి వెంట్రుకంత తీగలు రెండు తగిలించారు. వాసన మీసానికి తగిలితే మెషీన్ బీప్ అంటుంది, కాగితం చుట్ట మీద గీత పడుతుంది, టైముతో సహా.

"మీ అక్క గదిలో ఉన్నంతసేపూ ఈ పురుగులు చెవులు చిల్లులు పడేలా మోగుతాయి. నా గుమ్మం దగ్గరికొచ్చేసరికి మూగబోతాయి. మూడు వారాలు, మూడు శవాలు. పెంచేదీ మీ అక్కే, పంపేదీ మీ అక్కే. నా కుర్చీలో నువ్వుంటే ఏమనుకుంటావయ్యా?"

చీఫ్ చేతి గడియారం చూసుకున్నాడు.

"నాలుగు గంటలకి మూడో అంతస్తు హాల్లో పటాలాయన నోరు విప్పుతాడు. ముఠాకి మ్యాపులు గీసిపెట్టినవాడు. మనవైపు తిరిగాడు, పన్నెండు పేర్లు చెప్తానన్నాడు. వాడు చెప్పగలిగితే సరే. చెప్పకముందే కుర్చీలో వాలిపోయాడో, అయిదింటికి మీ అక్క వెనక గేటు దగ్గర వ్యాన్ ఎక్కుతుంది."

ఆ వ్యాన్ ఎక్కినవాళ్ళని అందరూ చూశారు. దిగినవాళ్ళని ఎవరూ చూళ్ళేదు.

"ఈ పని నాకే ఎందుకిస్తున్నారు సార్?"

"తప్పు ఆవిడదైతే నీకు తప్ప ఇంకెవరికీ చెప్పదు. కాకపోతే నీకన్నా గట్టిగా ఇంకెవరూ వెతకరు. వెళ్ళు."

కారిడార్ మలుపులో నెమలి ఎదురొచ్చింది. నెమలికంఠం రంగు సిల్కు, మోచేతుల దాకా తెల్లటి గ్లవ్స్. ఆవిడ నడిచిన దారిలో టైపిస్టులు పావుగంట దాకా తప్పులే కొట్టేవారని చెప్పుకుంటారు. అంత ఘాటు సెంటు.

"ముక్కుగారూ! నా కొత్త సెంటు ఎలా ఉంది?"

"రాసుకున్నారా?"

ఆవిడ పకపకా నవ్వింది. "ఈ భవనంలో నా మొహం చూసి మాట్లాడే మగాడు మీరొక్కరే. అయ్యో, అదేంటి, కోటు మీద దుమ్ము!" అంటూ అతని ఎడమ చేతి కోటు అంచుని గ్లవ్‌తో రెండుసార్లు దులిపింది. "అక్క సంగతి విన్నాను. పాపం. నాలుగింటికి హాల్లో నేనూ ఉంటాను. ఖాళీకోటు వస్తే గుర్తుపట్టాలిగా."

"వస్తాడంటారా?"

"ఇన్నిసార్లు వచ్చినవాడు ఇవాళ మొహమాటపడతాడా?" అని వెళ్ళిపోయింది.

మెయిన్ డోర్ దగ్గర గార్డు, ముక్కుని చూడగానే సెల్యూట్ కొట్టి జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"నన్ను చూసేనా?"

"ఛఛ, మిమ్మల్ని కాద్సార్. అరగంట కిందట పంపు తాత మందు కొట్టి పైకెళ్ళాడు, కంపు ఇంకా పోలేదు. కుళ్ళిన చేపని కిరసనాయిల్లో ముంచితే ఎలా ఉంటదో అలా ఉంటాడు. అదృష్టవంతులు మీరు."

"ఎవరీ పంపు తాత?"

"బొద్దింకల మందు కొట్టేవాడు సార్. నెత్తిన టోపీ, కళ్ళకి అద్దాలు, గుండెల దాకా ముసుగు, వీపు మీద పంపు. మాట రాదు, చెయ్యూపుతాడంతే. వాడొస్తే మేం గోడవైపు తిరిగి నిలబడతాం, వాడు పోయేదాకా ఊపిరి తియ్యం. పైగా దొంగ వెధవ సార్! మందులో అన్నీ నీళ్ళే. రోజూ కొడుతున్నాడు, ఒక్క బొద్దింక చచ్చిందా? తలంటు పోసుకున్నట్టు నిగనిగలాడుతూ తిరుగుతున్నాయి."

"ఎన్నాళ్ళ నుంచి?"

గార్డు వేళ్ళు మడిచాడు. "మూడు వారాలు సార్."

ముక్కు మెషీన్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొట్టంలో పురుగు బాగానే ఉంది. మీసాలు ఆడిస్తోంది. పక్కన పంచదార నీళ్ళలో ముంచిన దూది. గొట్టం పైన సన్నగా ఏదో జిడ్డు తడి.

కాగితం చుట్ట విప్పాడు. మొదట్లో గీతలే గీతలు. "ఇవేంటి?"

"నెమలి మేడం వచ్చినప్పుడల్లా పడేవి సార్. ఆ చుక్కల సీసా ఆవిడ దగ్గరే ఉంటదిగా, చేతులకి అంటుకుని ఉంటది. ఆవిడకి మోగితే పట్టించుకోవద్దని చీఫ్‌గారు ఆర్డరేశారు."

ముక్కు చుట్ట ఇంకా విప్పాడు. మూడు వారాల కిందట గీతలు ఆగిపోయాయి. ఆ తరవాత అంతా తెల్ల కాగితం. రిజిస్టరు తీసి చూశాడు. నెమలి రోజూ వస్తూనే ఉంది. ఈ ఉదయం కూడా వచ్చింది.

అంటే పురుగు ఖాళీకోటుకి మాత్రమే కాదు, సీసా చేత్తో పట్టుకుని పక్కనుంచి నడిచిన మనిషికి కూడా మోగలేదు. మోగొద్దన్నప్పుడు మోగింది, మోగాల్సినప్పుడు చచ్చినట్టు పడి ఉంది. పట్టించుకోవద్దన్నారు కనక ఎవరూ పట్టించుకోలేదు.

పురుగుని జాగ్రత్తగా అగ్గిపెట్టెలోకి దించి, జేబులో వేసుకుని మెట్లు దిగాడు.

నేలమాళిగలో చివరి తలుపు. ముందు ఇద్దరు సాయుధులు. అతను మూడుసార్లు తట్టాడు.

లోపలినుంచి గొంతు. "దీపం ఆర్పేశారా?"

"ఇంకా తెల్లారలేదు."

తలుపు తెరుచుకుంది. లోపల ఎర్రటి మసక వెలుతురు. ఈ పురుగులకి జోడు వెతుక్కునే పని రాత్రే. మనుషులకి డ్యూటీ పగలు. అందుకని అక్క రాత్రంతా లైట్లు వేసి, పగలంతా ఆర్పి, పురుగులకి పగల్ని రాత్రి చేసింది. ఎరుపు వాటి కంటికి ఆనదు కనక ఎర్ర బల్బు ఒక్కటే ఉంచింది. తెల్లారకముందే వెనక మెట్లమీంచి వచ్చి ఈ గదిలో దూరితే, మళ్ళీ చీకటి పడ్డాకే పైకి వెళ్ళేది. మెయిన్ డోర్ మొహం ఆవిడ చూసి ఏడాదైంది.

"ఒరేయ్, తిన్నావా?" అంది అక్క. తలుపు బయట తుపాకులు పెట్టుకుని తమ్ముణ్ణి అడిగిన మొదటి మాట అది.

అతను అగ్గిపెట్టె ఇచ్చాడు. "వీణ్ణి చూడు."

ఆవిడ పురుగు మీసాలకి తీగలు తగిలించింది. ఆడపురుగు చుక్క రాసిన కాగితం ముక్క ముందు పెట్టింది. మెషీన్ ఉలకలేదు, పలకలేదు. పక్కనున్న కొత్త పురుగుకి పెట్టింది. అది గుయ్యిమంది.

అక్క తడి దూదితో అగ్గిపెట్టె లోపలా, పురుగు కాళ్ళూ తుడిచి, ఆ దూదిని ఏదో సీసాలో ముంచింది. నీళ్ళు నీలంగా మారాయి.

"గుమ్మం దగ్గర మందు కొడుతున్నార్రా?"

"బొద్దింకలకట."

"ఈ భవనంలో చుక్క మందు పడకూడదని చీఫ్‌కి రాసిచ్చానే!"

"ఆయన చదివి నవ్వాట్ట, గార్డు చెప్పాడు. బొద్దింకే చావని నీళ్ళకి పురుగు చస్తుందా అన్నాట్ట."

"చస్తే బాగుండేదిరా!" అంది అక్క. "చస్తే తెలిసిపోయేది. వీడు బతికే ఉన్నాడు. తింటాడు, తిరుగుతాడు, ఎగురుతాడు. ఆడదాని వాసన ఒక్కటే తెలీదు. చంపని మందే అసలు మందు. నీళ్ళు కలిపినవాడు దొంగ కాదు తమ్ముడూ. కొలత తెలిసినవాడు."

గోడ గడియారం మూడుంబావు కొట్టింది.

"కొత్త పురుగుని పట్టుకెళ్తాను," అన్నాడు ముక్కు.

"పైనంతా ఆ తడేగా! హాలు గడప దాటేలోపు వీడిలాగే అయిపోతుంది." ఆవిడ ఆలోచించి, బీరువా తాళం తీసి చిన్న సీసా పైకి తీసింది. "ఎన్నో ఏళ్ళ కిందట పరీక్ష చేశాను. ఎవరూ నమ్మలేదు. సూదిమొన మీద నిలిచేంత మందు తగిలితే మీసం మొద్దుబారుతుంది. దానికి నలభై రెట్లు పడితే తిరగబడుతుంది. మామూలు కన్నా పిచ్చిగా వాసన పడుతుంది. ఇంకొంచెం పెరిగితే పోతుంది."

"సరిగ్గా నలభై?"

"చెయ్యి వణక్కూడదు, అంతే."

ఆవిడ చెయ్యి వణకలేదు. అయిదు పురుగులకి అయిదు చుక్కలు వేసింది. అయిదు నిమిషాలకి ఒకటి వెల్లకిలా పడింది. అక్క దాన్ని వేలితో పక్కకి జరిపి, ఓ క్షణం కళ్ళు మూసుకుంది. మిగిలిన నాలుగింట్లో రెక్కలు గట్టిగా కొట్టుకుంటున్నదాన్ని ఏరి అగ్గిపెట్టెలో పెట్టింది.

"పెళ్ళికొడుకు జాగ్రత్త," అంది. తన సంగతి ఒక్క మాట అనలేదు.

మూడూ యాభై ఆరు. మూడో అంతస్తు హాలు.

పొడుగాటి టేబుల్. ఒక చివర పటాలాయన, ఎండిన పెదాలు తడుపుకుంటూ. మరో చివర చీఫ్. పెద్దమనుషులు పదిమంది. అందరూ జేబురుమాళ్ళు ముక్కులకి అదుముకుని, మొహాలు కిటికీలవైపు తిప్పుకుని ఉన్నారు. పెద్దవాళ్ళ ముందు బొద్దింకలు తిరిగితే పరువుపోతుందని చీఫే పంపు తాతని పిలిపించాడు. తాత వంగి వంగి గోడవారగా కొట్టుకుంటూ వస్తున్నాడు. పొడుగాటి ఇత్తడి గొట్టం చివర సన్నటి తుంపర. ఆ కంపుకి ప్రాణాలు పోతాయేమో అన్నట్టున్నారు అందరూ.

నెమలి కుర్చీ ఇంకా ఖాళీ.

"ఆ తాతని పట్టుకోండి!" అన్నాడు ముక్కు గుమ్మంలోంచే.

చీఫ్ రుమాలు వెనకనుంచే విసుక్కున్నాడు. "ఎవర్నీ? ఈ నీళ్ళ దొంగనా? మీ అక్క కోసం మతి పోగొట్టుకోకయ్యా. రుజువేదీ?"

ముక్కు అగ్గిపెట్టె తెరిచాడు.

పురుగు పైకి లేచింది. టేబుల్ మీదుగా ఒక చుట్టు తిరిగింది. మరో చుట్టు తిరిగింది. అది గిర్రున వెనక్కి తిరిగి, వచ్చి, ముక్కు ఎడమ చేతి కోటు అంచు మీద వాలింది. రెక్కలు టపటపా కొట్టుకుంటూ తోక వంచి గుండ్రంగా నాట్యం మొదలుపెట్టింది.

చీఫ్ చేతిలోకి పిస్తోలు వచ్చింది.

"అంటే ఆ చుక్క నీ కోటు మీదా? అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసే చేశారన్నమాట. చేతులెత్తు!"

ముక్కు చేతులు ఎత్తాడు. కళ్ళు మాత్రం కోటు అంచు మీదే ఉన్నాయి. అక్కడికి ఆ చుక్క ఎలా వచ్చింది? సీసా ఒక్కరి దగ్గరే ఉంది. అయ్యో, కోటు మీద దుమ్ము!

దులపలేదు. రాసింది.

గడియారం మూడూ యాభై తొమ్మిది చూపిస్తోంది. పంపు తాత పటాలాయనకి మూడు అడుగుల దూరంలో ఉన్నాడు. అందరి కళ్ళూ పిస్తోలు మీద, అందరి ముక్కులూ రుమాళ్ళలో. తాత పంపుకి రెండు కుళాయిలున్నాయి. గ్లవ్ తొడిగిన చెయ్యి ఒకదాని మీంచి రెండోదాని మీదకి జరిగింది. తుంపర ఆగింది. ఇత్తడి గొట్టం కొసలోంచి దోమ ముట్టెంత సూది బయటికొచ్చింది.

"కాలుస్తాను, కదలకు!" అన్నాడు చీఫ్.

ముక్కు కదిలాడు. కోటు ఒక్క లాగు లాగి, కిటికీలోంచి బయటికి విసిరేశాడు. పిస్తోలు పేలింది. గుండు చెవి పక్కనుంచి పోయి గోడలో దిగింది. కోటుతో పాటు ఎగిరిన పురుగు కిటికీ దగ్గర ఒక్క క్షణం తచ్చాడింది. తరవాత మీసాలు విప్పార్చి హాల్లోకి తిరిగి బాణంలా వెళ్ళింది.

వెళ్ళి, పురుగుల మందు కొట్టే మనిషి మణికట్టు మీద వాలి, పెళ్ళిచూపులకొచ్చినవాడిలా రెక్కలు అల్లాడించడం మొదలుపెట్టింది.

లోకంలో ఏ పురుగూ వెళ్ళకూడని చోటు అది. పెద్దమనుషులు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ముక్కు మాత్రం చూస్తూ నిలబడలేదు. టేబుల్ మీంచి జారి, పటాలాయన కుర్చీని కాలితో తన్నాడు. కుర్చీ, పటాలాయన చెరో దిక్కుకి పోయారు. సూది ఖాళీ గాల్లోంచి దూసుకొచ్చి టేబుల్ చెక్కలో గుచ్చుకుంది. గోడ గడియారం నాలుగు కొట్టింది.

అంత కంపులో ఆ మనిషిని కావలించుకుని కిందపడెయ్యగలిగినవాడు ఆ భవనంలో ఒక్కడే ఉన్నాడు. అతను కావలించుకుని పడేసి, ముసుగు లాగేశాడు.

నల్లటి జుట్టు నేలంతా పరుచుకుంది.

"నెమలీ!" అన్నాడు చీఫ్. రుమాలు చేతిలోంచి జారిపోయింది. "మరి ఖాళీకోటు ఎక్కడ?"

"కోటులో మనిషుంటేగా సార్," అన్నాడు ముక్కు ఒగరుస్తూ. "ఆయన్ని చూసింది ఈవిడొక్కతే. ఆయన మీద చుక్క రాసిందీ ఈవిడే. చంపిందీ ఈవిడే. తాత వేషంలో వచ్చినప్పుడు కూడా పురుగు మోగితే కాగితం మీద టైముతో సహా గీత పడిపోతుంది. అందుకే ముందు పురుగు నోరు నొక్కింది."

నెమలి నేలమీంచే నవ్వింది. ఆ నవ్వు కారిడార్లో నవ్విన నవ్వు కాదు. "మీ ముక్కులకి రెండే తెలుసు. సెంటొస్తే దగ్గరికొస్తారు, కంపొస్తే దూరం పోతారు. మధ్యలో ఉన్న మనిషిని ఎవరూ చూడరు." చీఫ్ వైపు తల తిప్పింది. "అయినా ఈ దేశంలో పంపు మోసేది నేనొక్కదాన్నే అని మీకెవరు చెప్పారు?"

అయిదింటికి వెనక గేటు దగ్గర వ్యాన్ బయల్దేరింది. అందులో ఎక్కింది అక్క కాదు.

అక్క ఏడాది తరవాత మెయిన్ మెట్లెక్కి మూడో అంతస్తుకి వచ్చింది. వెలుతురుకి కళ్ళు చికిలించుకుంటూ తమ్ముడి చెవి దగ్గర గీరుకుపోయిన చోట వేలితో తడిమింది. పెద్ద దెబ్బ కాదని తేలాక, "నా పెళ్ళికొడుకేడీ?" అంది. నెమలి వదిలేసిన గ్లవ్ మీద అది ఇంకా నాట్యం చేస్తూనే ఉంది. ఆవిడ గ్లవ్‌తో సహా దాన్ని తీసి కొంగులో దాచుకుంది.

హాల్లో పటాలాయన పన్నెండు పేర్లూ చెప్పేశాడు. పెద్దమనుషులు గబగబా రాసుకుంటున్నారు. చీఫ్ మాత్రం ఫోన్ దగ్గర నిలబడి, పురుగుల గొట్టాలు పెట్టిన మిగతా భవనాలకి ఒక్కొక్కదానికీ ఫోన్ చేస్తున్నాడు. చేసిన ప్రతిసారీ మొహంలోకి కొంచెం కొంచెంగా రంగు తిరిగి వస్తోంది.

"అన్నిచోట్లా ప్రశాంతంగా ఉందమ్మా," అన్నాడు అక్కతో. "మూడు వారాలుగా ఎక్కడా ఒక్క బీప్ కూడా లేదట."

అక్క మొహం పాలిపోయింది. "మీరు అడగాల్సింది అది కాదు సార్. ఇలా ఇవ్వండి," అని ఫోన్ అందుకుంది. "బాబూ, మీ ఆఫీసులో బొద్దింకలున్నాయా?"

అవతలి గొంతు అందరికీ వినిపించేంత హుషారుగా పలికింది.

"ఎందుకు లేవమ్మా! రోజూ మందు కొట్టిస్తున్నాం. పిల్లాపాపలతో చల్లగా ఉన్నాయి."